అవ్వ అడ్రసులు

మా అవ్వకు పుట్టిన తేది లేదు. పుట్టిన ఊరు ఉంది. ఆ ఊర్లో పుట్టిన ఇంటికి నెంబరు లేదు. నెంబరు లేని ఇండ్లల్లో, అసలు ఇండ్లే గాని తావుల్లో ముప్పై ఐదేండ్లు బతికిన మా అవ్వను అమెరికా ప్రభుత్వం ఒక ప్రశ్న అడిగింది. పదహారేండ్ల వయసు నుంచి ఇప్పటిదాకా మీరు ఎక్కడెక్కడ ఉన్నారు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నారు, అన్నీ రాయండి అని.

అవ్వకు చదివి వినిపించిన. కొంచెంసేపు నా మొఖం చూసింది. "ఎందుకు బిడ్డా గిన్ని అడుగుతున్నరు? నేనేమన్న దొంగనా?" అన్నది.

మా అక్క నర్సు. 2005లో అమెరికా చట్టసభ నర్సుల వంటి వాళ్ళ కోసం 50,000 వలస వీసాలు విడిగా తీసిపెట్టింది. ఆ దారిన 2006లో అక్క పోయింది. ఆ తర్వాత అక్కడి పౌరసత్వం వచ్చింది. పౌరసత్వం ఉన్న బిడ్డ తల్లిని పిలిపించుకోవచ్చు, దానికి ఏండ్లకేండ్ల వరుస ఉండదు. మా నాయిన 2009లో చనిపోయిండు. అవ్వ ఒక్కతే వరంగల్‌లో కాలనీ ఇంట్లో ఉంటది. నేను హన్మకొండలో ఉంటున్న. ఇద్దరు మనవరాండ్లను ఫోనులోనే పెంచిన అవ్వను అక్క తన దగ్గరికి పిలిపించుకోవాలనుకున్నది. కాగితాలు కదిలి, డిఎస్-260 అనే ఫారం దాకా వచ్చినయి. దాన్ని కంప్యూటర్లో నింపాలె. నింపేది నేనే. ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చినోళ్ళం ఇద్దరమే. అందుల ఒకరు ఆ దేశంలో ఉన్నరు.

అది 2024 డిసెంబరు. నవంబరు నెలంతా ప్రభుత్వ సర్వేలో ఇంటింటికి తిరిగి కులం, ఇల్లు, భూమి, అప్పు అడిగి రాసుకొచ్చిన దాన్ని నేను. 75 అంశాల ఫారం అది. వందల మందిని అడిగిన నాకు మా అవ్వను అడగడం రాలేదు.

ఫారంలో గడులు ఇట్లుంటయి. వీధి, ఊరు, రాష్ట్రం, పిన్ కోడు, దేశం. ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. చివర ఇదంతా నిజమని ఒప్పుకుంటూ సంతకం. తెలిసి అబద్ధం రాస్తే వీసా శాశ్వతంగా పోవచ్చు.

ఫారాలు నింపిపెట్టే ఒకాయనను అడిగిన. ఆయన ఒక్క నిమిషంలో తేల్చేసిండు. "ఇంత ఆలోచన ఎందుకు మేడం? పుట్టిన ఊరు ఒక లైను, ఇప్పుడున్న ఇల్లు ఒక లైను. మా అమ్మదైతే ఒక్కటే లైను. పెండ్లయి వచ్చిన ఇంట్లోనే ఉంది."

ఆయన మంచిగానే చెప్పిండు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. వాళ్ళమ్మ అడ్రసు ఒక్క లైనులో ఎట్ల అయిపోయింది? ఆ లైను వెనక ఎన్ని ఎకరాలున్నయి? భూమి ఉన్నోడి అడ్రసు కదలదు. భూమి లేనోడి అడ్రసు పనెక్కడుంటే అక్కడికి నడుస్తది. వీసా ఫారంలో అడ్రసుల వరుస ఎంత పొడుగైతే మన చేతుల్లో భూమి అంత తక్కువ ఉన్నట్టు. ఇది నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు. అవ్వ పక్కన కూసుని ఫారం నింపేటప్పుడు తెలిసింది.

అవ్వకు క్యాలెండరు ఎరుకలేదు. కానీ ఆమె కాలాన్ని మర్చిపోలేదు. నేను సంవత్సరాలు అడగడం మానేసి, ఏమేం జరిగినయో అడగడం మొదలుపెట్టిన. అప్పుడు మాట వచ్చింది.

మొదటి అడ్రసు తల్లిగారి ఇల్లు. పాత నర్సంపేట తాలూకాలో ఒక ఊరు. ఊరికి ఎడంగా, చెరువు కట్ట కింద మాదిగవాడ. ముప్పై గుడిసెలు. వాడ చివర తోలు నానేసే లందలు, తంగేడు చెక్క వాసన. "మా ఇంటికి నెంబరెందుకు? వాసన పట్టుకొని వస్తరు" అని అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊర్లో "నీది ఏ వాడ?" అని అడిగితే అది అడ్రసు అడిగినట్టు కాదు. కులం అడిగినట్టు. మన ఊర్లల్ల అడ్రసు, కులం రెండు గడులు కావు, ఒక్కటే గడి. సర్కారు కాగితాలు ఎక్కినప్పుడు కూడా అది హరిజనవాడ అయింది గానీ ఒక వీధి కాలేదు. 1982లో కేంద్ర ప్రభుత్వం కుల ధృవీకరణ పత్రాల మీద హరిజన అనే మాట రాయొద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తర్వాత కూడా మా వాడ బోర్డు మీద ఆ మాట చాలా ఏండ్లు ఉన్నది. ఉత్తరం వస్తే ఊర్లోనే ఆగేది. ఎవరన్నా కేకేస్తే పోయి తెచ్చుకోవాలె. దేశంలో పిన్ కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. మా జిల్లా పిన్లు 506తో మొదలవుతయి. ఆ ఆరు అంకెలు ఊరి నడిమి దాకా వచ్చినయి. చెరువు కట్ట దిగలేదు.

రెండో అడ్రసు అత్తగారి వాడ. 1978లో పెండ్లి. అదీ అటువంటిదే, ఇంకో ఊరి చివర. అక్కడ ఏడాదే ఉన్నరు.

మూడో అడ్రసు దగ్గర అవ్వ ఆగింది. "అది రాయకు" అన్నది.

మా తాత కర్మకు, పెండ్లికి కలిపి తెచ్చిన అప్పు కింద మా నాయిన ఒక దొర దగ్గర జీతం ఉన్నడు. మోట బావి కాడ ఎడ్ల కొట్టం. కొట్టంల ఒక మూలకు తడిక కట్టుకొని అవ్వ, నాయిన ఉన్నరు. రాత్రి ఎడ్లకు కుడితి పెట్టాలె, తెల్లారకముందే పెండ తీయాలె. అందుకే ఇంటికి పోనిచ్చేది లేదు. నాయినకు ఎవరన్నా కబురు పంపితే దొర పేరు చెప్పి, కేరాఫ్ బావికాడి కొట్టం అని పంపేటోళ్ళు. మనిషి ఉన్న తావు కూడా ఇంకొకరి పేరు మీదనే.

ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని అడిగిన. అవ్వకు ఏడు యాదికి లేదు. "మీ అక్క కడుపుల ఉన్నప్పుడు పట్టపగలు సూర్యున్ని పాము మింగింది. నన్ను కొట్టంల బోర్లిచ్చిన గంప లెక్క కదలకుండ కూసోబెట్టిన్రు. ఎడ్లు మాపటేల అనుకొని అరిసినయి" అన్నది.

అది 1980 ఫిబ్రవరి 16. ఆ మధ్యాహ్నం దక్షిణ భారతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పూర్తిగా చీకటైతే, మా దిక్కు మసక కమ్మింది. ఆకాశంలో జరిగినదానికి తేదీ ఉంది. దాని కింద కొట్టంలో కూసున్న మనిషికి లేదు. ఆ గ్రహణం పట్టుకొని నేను మా అవ్వ మూడో అడ్రసుకు తేదీ కట్టిన.

ఇక్కడ ఒక మాట రాయాలె. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో చట్టం అయింది. అటువంటి అప్పులన్నీ రద్దయినట్టేనని ఆ చట్టం అన్నది. అంటే మా నాయిన కొట్టంలకు పోయేనాటికే ఆ అప్పు చట్టం ప్రకారం లేదు. నేను ఉద్యోగ పరీక్షకు చదువుకుంటప్పుడు ఈ చట్టం ఒక మార్కు ప్రశ్న. జవాబు గుర్తుపెట్టుకున్న, మార్కు వచ్చింది. ఆ ఒక మార్కులో మా నాయిన మూడేండ్లున్నయని నాకు అప్పుడు తెల్వదు. ఎందుకంటే ఇంట్లో ఎవరూ చెప్పలేదు. "చెప్పుకునే ముచ్చటనా అది?" అన్నది అవ్వ.

1982 చలికాలంలో ఒక రాత్రి, కొన్ని నెలల పిల్లగాన్ని సంకన పెట్టుకొని, రెండేండ్లు దాటిన అక్కను నాయిన బుజం మీద ఎక్కించుకొని కొట్టం వదిలి నడిచిన్రు. నాలుగో అడ్రసు, ఐదో అడ్రసు, ఆరో అడ్రసు ఇటుక బట్టీలు. వరంగల్ చుట్టుపక్కల మూడు బట్టీలు, మూడు సీజన్లు. చలికాలం మొదలైనంక పోతే వానలు పడేదాక పని. అచ్చు పోసిన పచ్చి ఇటుకలే గోడలుగా పేర్చుకొని, పైన తాటికమ్మలు కప్పుకొని ఉండేది. ఆ గోడలు కాల్చే రోజు వస్తే ఇల్లు విప్పి బట్టీల పెట్టాలె. వానకాలం తల్లిగారి వాడకు పోయి తలదాచుకునేది. అంటే మొదటి అడ్రసు మళ్ళీ మళ్ళీ వస్తది. ఫారం దాన్ని ఎట్ల అర్థం చేసుకుంటదో నాకు తెల్వలేదు.

1983 జనవరిలో రామారావు గెలిచిండు, ఏప్రిల్ నుంచి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. రాష్ట్రమంతా పేదోళ్ళు కార్డులు తీసుకున్నరు. మావాళ్ళకు రాలేదు. కార్డుకు ఇంటి అడ్రసు కావాలె. ఇల్లే బట్టీల కాలిపోయేటోళ్ళకు అడ్రసు ఏడిది? ఆకలికి అందరికంటే దగ్గరున్నోడే బియ్యానికి అందరికంటే దూరమున్నడు, నడుమ ఒక గడి ఖాళీగా ఉన్నందుకు.

ఆరో అడ్రసు కాడ మా అన్న చనిపోయిండు. అక్క తర్వాత పుట్టినోడు, నాకంటే ముందటోడు. జ్వరం. "ఇందిరమ్మను సంపినంక, సంక్రాంతి రాకముందు" అన్నది అవ్వ. అంటే 1984 నవంబరుకు, 1985 జనవరికి నడుమ. మట్టి తీసిన గుంత పక్కన పెట్టిన్రు. తర్వాత ఆ గుంత పెద్దగయింది. ఫారంలో ఆ తావుకు గడి లేదు. బతికున్నోళ్ళు, చనిపోయినోళ్ళు కలిపి పిల్లలందరి పేర్లూ ఫారం అడుగుతది. అన్న పేరు రాసిన. పుట్టిన చోటు రాయమన్నది. కొట్టం రాయాలె.

ఏడో అడ్రసు రైలు పట్టాల పక్క గుడిసె, 1985 నుంచి 1989 దాక. నాయినకు మార్కెట్లో హమాలి పని దొరికింది. మొదటి రేషన్ కార్డు అక్కడే వచ్చింది, 1986లో. అవ్వ పేరు ఒక కాగితం మీద పడడం అదే మొదలు. నేను 1987లో పుట్టిన. నా పుట్టిన కాగితం మీద అడ్రసు 'రైలు గేటు దగ్గర గుడిసెలు' అని ఉంటది. 1989లో గుడిసెలు పీకేసిన్రు. ఎనిమిదో అడ్రసు చెరువు శిఖంల గుడిసె, ఆరేండ్లు. వానకాలం నీళ్ళు లోపలికి వస్తే మంచం మీద పొయ్యి పెట్టేది. నాకు యాదికున్న మొదటి ఇల్లు అదే.

ఆ కాలంలోనే వరంగల్‌లో ఆజంజాహి మిల్లు కార్మికుల ఇండ్లకు నెంబర్లుండేవి. 1934లో పెట్టిన మిల్లు. మా నాయిన ఎప్పుడైనా లేబర్ కాలనీ మీదుగా పోతే ఆ నెంబర్లు చూసి, "నెంబరున్న ఇల్లు కావాలె" అనేటోడట. మిల్లు 2002లో మూతపడ్డది. నెంబరు కూడా నిలిచేది కాదని అప్పుడు తెలిసింది.

తొమ్మిదో అడ్రసు 1995లో వచ్చిన పట్టా జాగ. అవ్వ పేరు మీద. గవర్నమెంటు కాలనీ. ఇంటి మీద మునిసిపాలిటీ నెంబరు పడ్డది. ఆ నెంబరును నాయిన సున్నంతో మళ్ళీ పెద్దగ రాసిండు. ఆ రాత నాకిప్పటికీ కండ్లల్ల ఉంది.

ఇక్కడ కూడా ఫారం ఊకోలేదు. మేము 1995 నుంచి కదల్లేదు. అడ్రసే కదిలింది. 2014 జూన్ 2 దాక అది ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా. తర్వాత తెలంగాణ, వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి వరంగల్ అర్బన్. 2021 నుంచి మళ్ళీ వరంగల్. ఒకే గడప, నాలుగు అడ్రసులు. పుట్టిన ఊరు కూడా తాలూకా నుంచి 1985లో మండలానికి, వరంగల్ నుంచి వరంగల్ రూరల్‌కు, అక్కడి నుంచి మళ్ళీ వరంగల్‌కు మారింది. మేము పోరాడి తెచ్చుకున్న రాష్ట్రం అది, దాని పేరు రాసేటప్పుడు సంతోషమే. కానీ అవ్వ అన్న మాట కూడా రాయాలె. "జిల్లాలు ఎన్నిసార్లు మారినా మా వాడ ఊరవతలనే ఉన్నది."

ఇట్ల తొమ్మిది అయినయి. అక్కకు ఫోనులో చదివిన. అక్క చాలాసేపు మాట్లాడలేదు. "కొట్టం వద్దు చెల్లె. ఊరి పేరు రాసి, 1978 నుంచి 85 దాక అక్కడే అని పెట్టు. ముంబయిల ఇంటర్వ్యూ చేసేటోడు కొట్టం అంటే ఏమని అడిగితే అవ్వ ఏం చెప్తది? కాగితం ఆగిపోతే?" అన్నది. అక్క భయం అబద్ధం కాదు. అవ్వ వయసు పెరుగుతున్నది. ఒక్క ప్రశ్న దగ్గర ఫైలు ఆగితే ఎన్ని నెలలు పోతయో తెల్వదు.

నాకు కూడా అక్క మాటే సులువనిపించింది. ఎందుకంటే అడ్రసు విషయంలో అబద్ధం నేను ముందే ఆడిన.

కొలువు వచ్చిన కొత్తల, 2014లో, హన్మకొండల కిరాయి ఇల్లు వెతుకుతున్నం. ఒక ఇంటాయన మర్యాదగ కూసోబెట్టి మంచినీళ్ళిచ్చి, "టీచరమ్మా, ఊర్లో మీ ఇల్లు ఎక్కడ?" అని అడిగిండు. ఎందుకు అడుగుతున్నడో నాకు తెలుసు. "బస్టాండు కాడ" అన్న. ఇల్లు దొరికింది. మూడు నెలలకు అవ్వ వచ్చింది. ఆయనే అవ్వను వరండాల పలకరించి అదే ప్రశ్న అడిగిండు. అవ్వ నిమ్మలంగ, "మాదిగవాడ సారూ, చెరువు కట్ట కింద" అని చెప్పింది. వారం తిరగకముందే వాళ్ళబ్బాయి వస్తుండని, ఇల్లు కావాలని కబురు. ఆ ఇంట్ల అబ్బాయే లేడు. సామాను కడుతుంటే అవ్వ అన్నది, "నువ్వు అబద్ధం చెప్పినవని నాకెరుక లేకపాయె బిడ్డా. ఎరుకుంటే నేను గూడ చెప్పకపోదునా." నాకు ఇల్లు పోయినందుకు కాదు, ఆ మాటకు ఏడుపొచ్చింది. నేను చదువుకొని అవ్వ అడ్రసును దాచిపెట్టే దాన్నయిన.

అదే ఏడాది ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రమంతా ఒకే రోజు. ఎక్కడెక్కడి వాళ్ళో బస్సులెక్కి ఇండ్లకు పరుగెత్తిన్రు, ఆనాడు ఇంట్ల లేకుంటే లెక్కల ఉండమేమోనని. నేను లెక్క రాసేదాన్ని. ఒక గుడిసెల వాడలో ఒకామె నన్ను అడిగింది, "ఇక్కడ రాస్తవా, మా ఊర్ల రాయించుకోవాల్నా మేడం? రేపు ఇక్కడ పీకేస్తే ఈ రాసింది ఏమైతది?" నాకు జవాబు రాలేదు. పక్క వీధిలో నేను కిరాయికున్న ఇంట్ల నా అబద్ధపు అడ్రసు ఇంకా పచ్చిగనే ఉన్నది.

అబద్ధపు అడ్రసు రాయాల్సిన గతి నాతోనే మొదలు కాలేదు. బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు కూడా పట్టింది. ఆయన తన జీవితంలో ఎదురైన అంటరానితనం గురించి రాసుకున్న చిన్న రచన ఉంది. దాని పేరు 'వీసా కోసం ఎదురుచూపు' అని. 1930ల నడుమ రాసిందంటరు. ఆయన చనిపోయినంక చాలా ఏండ్లకు, 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అచ్చు వేసింది. 1993లో రచనల 12వ సంపుటిలో వచ్చింది. అందులో ఏ దేశపు వీసా గురించీ లేదు. స్వంత దేశంలో తావు దొరకని మనిషి ముచ్చట అది. అమెరికాల కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, లండన్‌లో చదివి, 1917లో బరోడా కొలువుకు పోతే ఉండను ఇల్లు దొరకలేదు. హిందూ హోటల్లో అంటరానోడికి చోటు లేదు. ఒక పార్శీ సత్రంలో, రిజిస్టరులో పార్శీ పేరు రాసుకొని ఉన్నడు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని పది పన్నెండు మంది పార్శీలు వచ్చిన్రు. ఆయన వెళ్ళగొట్టబడి, రైలు టైము దాక పార్కులో కూసున్నడు.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గు కొంత తగ్గింది, కోపం ఎక్కువైంది. అంత చదువుకున్న మనిషి చేత రిజిస్టరులో అబద్ధం రాయించిన దేశం, మన చేత రాయించకుండ ఊకుంటదా? కానీ ఆయన ఆ అబద్ధాన్ని అట్లనే పాతిపెట్టలేదు. తన చేతితోనే బయటికి తీసి రాసిండు. నేను ఇన్నేండ్లు చేయంది అదే. లండన్‌లో ఆయన 1921–22లో ఉన్న ఇల్లు, కింగ్ హెన్రీస్ రోడ్డు 10వ నెంబరు, 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. ఆ అడ్రసు అందరికీ ఎరుకే. బరోడా పార్కు బల్ల కూడా ఆయన అడ్రసే. దాన్ని కూడా మనం మర్చిపోవద్దు.

దేశం దాటే మనవాళ్ళను ఫారాలు ప్రశ్నించడం కొత్త కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను ఎక్కించుకొని నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాక నాటాల్ చెరకు తోటలకు 1,52,184 మంది పోయిన్రు. వాళ్ళల్ల తెలుగువాళ్ళు చాలామంది. ఓడ పట్టీలో ఒక్కొక్కరికి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు రాసుకున్నరు. తల్లి కడుపున పుట్టినప్పుడు రాయని ఊరి పేరు, కూలికి అమ్ముడుపోయినప్పుడు రాసిన్రు. ఇయ్యాల దక్షిణాఫ్రికాలో ఉన్న వాళ్ళ మునిమనవలు ఆ పట్టీలు పట్టుకొనే తమ ఊర్లు వెతుక్కుంటున్నరు. దొరల కోసం రాసిన కాగితం, చివరికి కూలోళ్ళకు చరిత్ర అయింది.

మన దగ్గర అడ్రసు మార్చుకోవడమే పోరాటమైన రోజు కూడా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను ఊచకోత కోసినంక, బతికినోళ్ళు చీరాలకు పోయిన్రు. తిరిగి ఆ ఊరికి పోమన్నరు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నరు. ఆ కాలనీ అడ్రసులోని ప్రతి అక్షరం వెనక ఒక నిరాకరణ ఉంది. మా నాయిన కొట్టం విడిచి రాత్రి నడిచి వచ్చింది కూడా అంతకు రెండున్నరేండ్ల ముందే. దానికి ఎవరూ పోరాటమని పేరు పెట్టలేదు. నేను పెడుతున్న.

ఫారం చివరికి పోతే ఇంకో ప్రశ్న ఉంది. మీరు ఏదైనా తెగకు గానీ, వంశానికి గానీ చెందుతారా అని. దాదాపు అందరూ లేదని కొడతరు. నేను కూడా లేదనే కొట్టిన. మాది తెగ కాదు, కులం. కులం అనే మాట ఆ ఫారంలో లేదు. కానీ ఆ దేశంలో అది లేకుండ పోలేదు. 2020 జూన్‌లో సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరు మీద కులవివక్ష జరిగిందని కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగమే కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా చట్టసభ పాస్ చేసిన బిల్లును గవర్నరు వీటో చేసిండు. అక్క చెప్తది, అక్కడ తెలుగోళ్ళ విందులో కొత్తగ కలిసినోళ్ళు అడిగే రెండో ప్రశ్న, "మీ ఊర్లో ఇల్లు ఎటువైపు?" అని. పన్నెండు వేల కిలోమీటర్లు దాటి పోయినా చెరువు కట్ట వెంటబడి వస్తది.

అక్కకు ఈ ముచ్చట్లన్నీ చెప్పి, "రేపు అవ్వ అక్కడికి వచ్చినంక ఎవరన్నా అడిగితే ఏం చెప్తది? మాదిగవాడ అనే చెప్తది. ఫారంల ఎందుకు దాయాలె?" అన్న. అక్క ఫోను పెట్టేసింది. తెల్లారి మెసేజి వచ్చింది. ఒక్కటే మాట. "రాయి."

పుట్టిన తేదికి రుజువు కావాలె. పుట్టుక నమోదు కాలేదని మండలాఫీసు నుంచి కాగితం, తెలిసినోళ్ళ ప్రమాణ పత్రాలు కావాలె. అవ్వను తీసుకొని ఊరికి పోయిన. వాడల ఇప్పుడు సిమెంటు రోడ్డుంది, ఇండ్లకు నెంబర్లున్నయి. లందలు లేవు. అవ్వ కంటే పెద్దవాళ్ళు ఇద్దరు వేలిముద్ర వేసిన్రు. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ ఆటోను బావి దిక్కు పోనియ్యమన్నది. కొట్టం లేదు. బావి పూడిపోయింది. తుమ్మచెట్లు మొలిసినయి. అవ్వ దిగి అటు ఇటు నడిచి, ఒక చోట నిలబడి, "ఇక్కడ తడిక. ఇక్కడ నువ్వు పుట్టకముందు మీ అక్క పుట్టింది" అన్నది. ఫారంలో ఉన్నదానికంటే కరెక్టు అడ్రసు అది.

ఆ రాత్రి మూడో లైను నింపిన. వీధి గడిలో, వ్యవసాయ బావి దగ్గర పశువుల కొట్టం అని ఇంగ్లీషులో రాసిన. ఇంటి నెంబరు లేదని రాసిన. 1979 నుంచి 1982 దాక అని రాసిన. మొత్తం తొమ్మిది తావులు, వాటి తేదీలు, ఏ గుర్తుతో ఆ తేది కట్టినమో, అన్నీ బడి నోటుబుక్కులో తెలుగులో మళ్ళీ రాసిపెట్టిన. ఫారం అమెరికా వాళ్ళది. నోటుబుక్కు మాది.

ఇది చదివే చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. మన చరిత్ర ఏ శాసనం మీదా లేదని బాధపడతం. మీ అవ్వను, నాయినను కూసోబెట్టి, ఎక్కడెక్కడ ఉన్నరో వరుసగా అడగండి. ఏడు తెల్వకపోతే ఏం జరిగిందో అడగండి. గ్రహణం, ఎలక్షను, చెరువు తెగిన రోజు, ఎవరు పుట్టిన్రు, ఎవరు పోయిన్రు. ఎవరో వీసా ఫారం ముందు పెట్టేదాక ఆగకండి. మా నాయిన అడ్రసులు నేను అడగలేదు. ఆయన పెండ్లికి ముందు ఎక్కడెక్కడ ఉన్నడో చెప్పేటోళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

అంతా అయినంక అవ్వ అడిగింది, "నువ్వు రాసినయన్ని ఆడ ఎవలన్న సదువుతరా బిడ్డా?"

"సదువుతరు అవ్వా" అన్న.

"అయితే పిల్లగాన్ని పెట్టిన తావు గూడ రాయి."

దానికి గడి లేదని చెప్పిన. "నీ బుక్కుల రాయి" అన్నది. రాసిన. పదో నెంబరు వేసి రాసిన.